శిశుగానబోధకులు – వారి శిక్షణము : భద్రాద్రి మన్యసీమ

‘శిక్ష’ యనఁగానే నేఁటి పాఠకునకు దండనము స్ఫురించును. బడిలో బెత్తమును, న్యాయస్థానములో చెఱయును ఆ మాటకు నర్థములైనవి. వేదాంగములలో నొకటియైన శిక్షకు దండనముతో నేమియు సంబంధము లేదు. వర్ణమును, స్వరమును, మాత్రను శిష్యుని నోటి కెక్కించు మార్గమును దెలుపు శాస్త్రమది. ఎనిమిదవయేట నుపనయనమై గురుకులమునఁ బ్రవేశించిన బాలుని ఎదుటఁ గూర్చుండఁబెట్టుకొని పెరిగిన శాస్త్రము. కావున చిన్నపిల్లలకు ధ్వనిని నేర్పువాఁ డేమి యెఱిఁగి యుండవలె నను ప్రశ్న మన దేశమునకుఁ గ్రొత్త కాదు. క్రొత్తయైనది పిల్లల యీడు. నాఁడు ఎనిమిదేండ్లవాఁడు గురువు నొద్దకు వచ్చుచుండెను. నేఁడు మూఁడేండ్లు నిండిన పిల్ల అంగన్వాడి గుమ్మ మెక్కుచున్నది.

ఆ పిల్లకుఁ బాట నేర్పువారికి వేఱుగా శిక్షణ మక్కఱయా యని యడిగినచో మనవారిలోఁ బెక్కుమంది నవ్వుదురు. జోలపాటకు కళాశాల యేల? నేనును బహుకాల మట్లే తలఁచితిని. ఆ తలంపును మార్చిన చిన్నసంగతి నొకదానిని ముందుగాఁ జెప్పి, పిమ్మటఁ జరిత్రలోనికిఁ బోయెదను.

కొన్నియేండ్ల క్రిందట, పాటలు సేకరించు మిత్రు నొకనితోఁ గూడ గోదావరి యొడ్డున నొక కోయగూడెమునకుఁ బోయితిని. అచటి అంగన్వాడిలో పంతులమ్మ పిల్లలను వలయముగాఁ గూర్చుండఁబెట్టి, ఫోనులో నొక యాంగ్లగేయమును మ్రోగించి, దాని వెంటఁ దాను చేతులు త్రిప్పుచుండెను. ఆమె శ్రద్ధకు లోపము లేదు. కాని కోయమాట యొక్కటియు నెఱుఁగదు. పిల్లలు కన్నులు విప్పి చూచుచుండిరి. ఒక్కరును నోరు తెఱవలేదు. అంతలో వంటపని చూచు ఆయా బియ్యము చెఱుగుచునే కూనిరాగముగా రేలపాట నొకదాని నెత్తుకొనెను. మూలనున్న యొక పిల్లవాఁడు చరణాంతమున నందుకొనెను. రెండవ తూరి నలువురు కలిసిరి. మూఁడవ తూరికి గది యంతయు పాటయే. పంతులమ్మ నా వంక సిగ్గుపడి చూచెను. ఆ సిగ్గులో నాకును భాగ మున్నదని నాఁటి రాత్రి నిదుర పట్టక తోఁచినది. ముప్పదియేండ్లు శిక్షాశాస్త్రమును బాఠము చెప్పినవాఁడను నేనే గదా.

ఆ శాస్త్రమును మఱల విప్పి చూచితిని. పాణినీయశిక్ష మాత్రాకాలమును జెప్పు పట్టున గడియను గాని విఘడియను గాని పేర్కొనలేదు. పాలపిట్ట కూఁత ఏకమాత్ర మనియు, కాకి కూఁత ద్విమాత్ర మనియు, నెమలి కేక త్రిమాత్ర మనియు, ముంగిస పలుకు అర్ధమాత్ర మనియుఁ జెప్పినది. హ్రస్వదీర్ఘప్లుతములను విధించు సూత్రమునఁ బాణిని తక్కిన యచ్చులను విడిచి యుకారమునే గ్రహించుటకుఁ గోడికూఁత కారణమని మా సంప్రదాయమునఁ జెప్పుదురు. ఇవి యన్నియు బాలుఁడు బడికి రాకపూర్వమే యెఱిఁగిన ధ్వనులు. తెలిసిన ధ్వనిని గొలకఱ్ఱగాఁ జేసి తెలియని ధ్వనిని గొలుచుట యా యాచార్యుల పద్ధతి. ఆ ప్రాణులన్నియు భద్రాచలపు టడవులలో నేఁటికిని గలవు. పాలపిట్ట తెలంగాణమునకు రాష్ట్రపక్షి. దసరానాఁడు దానిని జూచుట శుభమని పల్లెలవారు పొలిమేర దాఁటి పోవుదురు. ఇంత చెప్పియు నేను పాలపిట్టను జూచితినే కాని దాని కూఁతను జెవియొగ్గి వినలేదు. సూత్రము కంఠస్థమైనవానికి పిట్టతో నేమి పని యనుకొంటిని కాఁబోలు.

అదే శిక్షలో మఱియొక ముడి యున్నది. అధమపాఠకుల నాఱుగురిని లెక్కించుచు మొట్టమొదటి వానిని ‘గీతీ’ యనినది. పాడినట్లు చదువువాఁడని యర్థము. తొందరపడువాఁడు, తల యూఁచువాఁడు, వ్రాసినది చూచి చదువువాఁడు, అర్థ మెఱుఁగనివాఁడు, కంఠబలము చాలనివాఁడు పిమ్మటివారు. ఉత్తమపాఠకుని గుణములలో మాధుర్యమును, లయసామర్థ్యమును గూడఁ జేర్చినది. పాట కూడదు, లయ కావలెను. ఈ రెంటికి సమన్వయ మెట్లు? బాల్యమున నేను ధాతుపాఠమును రాగము తీసి చదివితినని మా గురువులలో నొకరు వ్రేళ్ళ కణుపుల మీఁదఁ గొట్టిరి. ఆ దెబ్బతో నా రాగము పోయినది. దాని వెంటఁ గొంత ధాతుపాఠమును బోయినది. రాగము లేక యా ధాతువులు నా కెన్నఁడును వరుసగా జ్ఞప్తికి రాలేదు. ఇప్పుడు నాకుఁ దోఁచు సమన్వయ మిది: రాగము అక్షరమును మ్రింగినచో అది దోషము, లయ అక్షరమును మోసికొని పోయినచో అది గుణము. ఆఁడుపులి తన కూనలను గోఱలతోఁ గఱచిపట్టి, జాఱనీయకయు గాయపఱుపకయు మోసికొని పోవునట్లు వర్ణములను బలుకవలెనని యా శిక్షయే యుపమానము చెప్పినది. పసిపిల్లలకుఁ బాట నేర్పువారికి ఇంతకంటె మేలైన లక్షణవాక్యము నే నెచటను జూడలేదు.

ఇఁక మన సీమకు వచ్చెదము. భద్రాచలము, రేకపల్లి ప్రాంతములు 1860 లో నైజాము నుండి ఆంగ్లేయుల కీయఁబడినవి; 1874 లో మదరాసు రాజధానిలోని గోదావరి మండలమునఁ జేరినవి. ఏటి కీవలి ఖమ్మము, పాల్వంచ, ఇల్లెందు ప్రాంతములు నైజాము రాజ్యముననే యుండెను. 1953 లో ఖమ్మము జిల్లా యేర్పడెను. 1959 లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి నుండి దానిలోనికి వచ్చెను. 2014 లో గొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకుఁ బోయినవి. 2016 లో భద్రాద్రి కొత్తగూడెము వేఱు జిల్లా యైనది. ఈ యెల్లలు మాఱుటలోఁ బిల్లవాని పాటకుఁ బట్టిన గతి యేమన, ఏటి కీవల నైజాము సర్కారు బడిలో ఉర్దువు, ఆవల మదరాసు సర్కారు బడిలోఁ దెలుఁగు. కోయపిల్ల ఏ యొడ్డునఁ బుట్టినను బడి పరభాషలోనే.

సర్కారు బడులకు ముందు మైదానపు టూళ్ళలో నున్నది వీథిబడి. దాని యధిపతి అయ్యవారు. ‘ఉపాధ్యాయ’ శబ్దము ప్రాకృతమున ‘ఉవజ్ఝాయ’ యై, తెలుఁగున ‘ఒజ్జ’ యైనది. ఒజ్జ కాలక్రమమున అయ్యవారయ్యెను. ఈయన సంగీతవేత్త కాఁడు. ఐనను ఎక్కములు, తిథివారనక్షత్రములు, శతకపద్యములు, గుణింతములు అన్నియు నొక వరుసలో, ఒక తూఁగులోఁ బిల్లలచేఁ బాడించెను. దసరాలలో రంగుల విల్లంబులు పట్టించి యింటింటికిఁ ద్రిప్పి పద్యములు చదివించి తన వార్షికమును సంపాదించుకొనెను. ఈ విద్య యాయన కెచట నబ్బినది? తాను పిల్లవాఁడై యున్నపుడు పెద్దపిల్లలవలన విని, తాను పెద్దవాఁడైనపుడు చిన్నపిల్లలకుఁ జెప్పి, యట్లు. మదరాసు అనాథబాలురశాల నేలిన ఆండ్రూ బెల్ దొర ఈ దేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుటను జూచి, ఒకరి కొకరు నేర్పుకొను పద్ధతిని దన శాలలోఁ బ్రవేశపెట్టి, 1797 లో నింగ్లండున గ్రంథముగాఁ బ్రకటించెను. అది యచట గొప్ప యుద్యమమై మఱల మనకే సంస్కరణపు పేరఁ దిరిగివచ్చినది. మన సరకును మనమే వెలపెట్టి కొన్న యుదాహరణములలో నిది యొకటి.

అయ్యవారి గొప్పతనమును జెప్పి లోపమును దాఁచుట న్యాయము కాదు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ దొర 1823 లోఁ దన మండలమున 533 పాఠశాలలను బరిశీలించి వ్రాసిన నివేదికలో, పిల్లలు లెక్కలేనన్ని పద్యములు వప్పచెప్పుదురు గాని వానియర్థము చిలుకకుఁ దెలిసినంతయే తెలియునని యాక్షేపించెను. పద్యభాషకును వాడుకమాటకును నున్న దూరమే యిందులకుఁ గారణమనియుఁ జూపెను. పరదేశీయుని మాట యని కోపపడ నక్కఱలేదు. ‘అనర్థజ్ఞుఁడు’ అధమపాఠకుఁడని మన శిక్షయే యంతకుముందు చెప్పినది. తెలుఁగు పిల్లవానికే తెలుఁగు పద్యము దూరమైనపుడు, కోయపిల్లవాని మాట చెప్పనేల? కోయభాష గోండికిఁ జుట్టము, మన తెలుఁగునకు దాయాది. దాని సహజోచ్చారణమున మహాప్రాణములు లేవు. ఆ పిల్లవాఁడు ‘ధనము’ను ‘దనము’ అనుట నాలుక దోషము కాదు. వాని భాషలోని వర్ణసమామ్నాయ మట్టిది. ఇది యెఱుఁగని బోధకుఁడు మొదటి గేయముననే పది తప్పులు పట్టి పిల్లవాని నోరు మూయించును. వ్యాకరణ మెఱిఁగినవాఁడు ఒక్కటియుఁ బట్టఁడు.

సంగీతశాస్త్రమువారి పక్షమున జరిగిన దేమి? సరళిస్వరములు, జంటలు, అలంకారములు, గీతములు అను సోపానక్రమమును బురందరదాసు లేర్పఱిచిరని సంప్రదాయము. గాయకపారిజాతము మొదలగు గ్రంథములను దచ్చూరు సింగరాచార్యుల సోదరులు పందొమ్మిదవ శతాబ్ది చివర మదరాసునఁ దెలుఁగున నచ్చు వేసిరి. ఎట్టయాపురమునుండి 1904 లో సంగీతసంప్రదాయప్రదర్శినిని వెలువరించిన సుబ్బరామదీక్షితులవారు ప్రథమాభ్యాసపుస్తకము నొకదానిని గూడఁ దెలుఁగుననే రచించిరి. 1919 లో విజయనగరమున సంగీతకళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికిఁ బ్రథమాధ్యక్షులు. ఇవి యన్నియు మహోపకారములే. ఐనను వీనిలో నేదియు మూఁడేండ్ల పిల్లను ఉద్దేశించినది కాదు. ఆ పిల్లకు బోధించువారిని అంతకన్న నుద్దేశింపలేదు. కచ్చేరికి విద్వాంసుని దయారుచేయు మార్గ మిది. సరళులకుఁ గట్టిన మాయామాళవగౌళలో షడ్జము ప్రక్కనే శుద్ధరిషభము, పంచమము ప్రక్కనే శుద్ధధైవతము. ఆ యిరుకుసందులు ఏడెనిమిదేండ్ల కంఠమునకే కష్టము. నేను విన్న జోలలును, చెమ్మచెక్కల పాటలును మూఁడు నాలుగు స్వరములలోనే తిరుగును, వాని నడుమ సందులును వెడల్పు. పసికంఠమునకు నేది యలవియో ముసలమ్మకుఁ దెలిసినది, లక్షణకర్త యడుగలేదు.

ఈ పట్టున రామదాసుగారిని దలఁపక పోరాదు. నేలకొండపల్లికిఁ జెందిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారై, భద్రాద్రిని గోవెల కట్టించి, తానీషా కాలమున గోలకొండ చెఱను బడిన కథ లోకవిదితము. ఆయన దాశరథీశతకము వీథిబడిలోఁ బాఠ్యమయ్యెను. కీర్తనములు భజనకూటములలో నిలిచినవి. భజనలో నొకఁడు పల్లవి నెత్తును, అందఱు నందుకొందురు; తల్లి యొడిలోని పిల్ల చేతులు తట్టును. పరీక్ష లేదు, తప్పునకు దండన లేదు. పిల్లలచే నింతగాఁ బాడఁబడిన వాగ్గేయకారుఁడు తెలుఁగున మఱియొకఁడు కలఁడో లేఁడో! ఆయన పేర సర్కారు సంగీతనృత్యకళాశాల యొకటి సికింద్రాబాదునఁ గలదు. ఖమ్మమునఁ బ్రేక్షకశాల యొకటి కలదు. ఆయన కోవెల కట్టిన కొండచుట్టునుఁ గల గూడెములలో పసిపిల్లలకుఁ బాట చెప్పు పంతులమ్మలకు ఆయన పేర నొక చిన్న శాలయైన నుండిన బాగుండెడిది.

అడవిలోఁ బాట నేర్పువా రెవరు? ఇచట మన శాస్త్రములు మౌనము వహించును గాన కంటఁ జూచినదే ప్రమాణము. కోయలలో రేలపాట స్త్రీలది. రేలచెట్టు పసుపుపచ్చని గుత్తులతోఁ బూయు వేసవిలో విత్తనముల పండుగ, కోయభాషలో విజ్జపండుము, వచ్చును. స్త్రీలు నడుముల మీఁదుగాఁ జేతులు పెనవైచి వరుసకట్టి, సగము వరుస యొక పాదమును బాడఁగా మిగిలిన సగము దానినే తిరిగి పాడును. చంకలోని బిడ్డ తల్లి యడుగుతో నూఁగును. ఆ బిడ్డకు లయ చెవికంటె ముందు నడుమునకుఁ దెలియును. నాలుగేండ్ల పిల్ల వరుస చివరను బట్టుకొని తప్పటడుగులు వేయును. ఎవరును ద్రోయరు, ఎవరును దిద్దరు. పదేండ్లకు వరుస నడుమకు వచ్చును. పాట నెత్తుకొనునది పెక్కు పండుగలు చూచిన పెద్దదియే. ఒక్కపాదమును మఱల మఱల వినిపించుట, పెద్దవారి నడుమఁ జిన్నవారి నుంచుట, ఎత్తుకొనుటకుఁ దొందరపెట్టకుండుట ఇందలి క్రమము. దీనికి శిక్షణమను పేరు లేకపోవచ్చును. మన కళాశాలలలో దీనిపాటి క్రమము లేనివి లేకపోలేదు. పురుషులు పెర్మకొమ్ములు తలను దాల్చి డోళ్ళు వాయించి యాడు కొమ్మునృత్యము వేఱు. దానిని మగపిల్లలు చిన్న డోళ్ళతో అనుకరించుచుందురు.

వీరికిఁ బైన డోలివారు కలరు. కోయల గోత్రచరిత్రలను, వేల్పుల కథలను, సమ్మక్క సారలమ్మల వృత్తాంతమును, బొమ్మలు కుట్టిన పడిగెగుడ్డలను జూపి డోలుపై గానము చేయుట వారి వంశవృత్తి. ఆ విద్య పుస్తకమున లేదు; తండ్రి కంఠమునుండి కొడుకు కంఠమునకుఁ బోవలసినదే. మణుగూరు మండలము కూనవరమునకుఁ జెందిన సకిని రామచంద్రయ్యగారికి 2022 లోఁ బద్మశ్రీ బిరుద మిచ్చిరి. 2024 జూనులో నాయన గతించెను. వేదశాఖ యొకటి అధ్యేతలు లేక లోపించినదని విన్నపుడు మావారు కన్నీరు పెట్టుకొందురు. డోలిగాయకుఁ డొకఁడు గతించినపుడు లోపించునదియు శాఖయే. ఆ మాట మా సభలలో నొకసారి యనినందులకుఁ గొందఱు నా వంక వింతగాఁ జూచిరి. నేను మఱల ననుచున్నాను.

ఇట్టి పిల్లల బోధకులకుఁ బ్రత్యేకముగాఁ దరిఫీతు కావలెనని యెఱిఁగినవారు మనలో లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరభాషను నేర్చి, సవరపిల్లలకు సవరభాషలో బడులు పెట్టించి, వాచకములు వ్రాసి, 1931 లో వ్యాకరణమును, 1938 లో నిఘంటువును బ్రకటించిరి. గ్రాంథికవ్యావహారికవాదమున నేను వారి యెదుటిపక్షమువాఁడను. నా వ్రాఁతయే దానికి సాక్షి. కాని పిల్లవాని యింటిమాటలో బోధింపవలె నను పట్టున వారి మాటకు నాకుఁ బ్రత్యుత్తరము లేదు. నైజాము రాజ్యమున హైమండార్ఫు పండితుని ప్రేరణచే 1943 లో నాదిలాబాదు మండలము మార్లవాయిలో గోండుయువకులనే యుపాధ్యాయులుగాఁ దయారుచేయు కేంద్ర మేర్పడెను. వారికి మొదట గోండినే నాగరలిపిలో నేర్పిరి. ఉపాధ్యాయుఁడు గూడెమువాఁడే కావలె ననుట యచటి మూలసూత్రము. రెండుచోట్లను గేయము అక్షరమునకు వెనుకఁబడినది; అది కాలదోషము.

ఆ కాలముననే మరియా మాంటిసోరి యమ్మగారు 1939 లో నడయారునకు వచ్చి యుపాధ్యాయులకు శిక్షణమిచ్చిరి. భద్రాచలమును నాఁడు అదే మదరాసు రాజధానిలోనిది. ఆ గాలి యింతదూరము వీవలేదు. వారి పద్ధతిలోఁ జిన్నపిల్లలు స్వరభేదమును బోల్చుకొనుటకు గంటల వరుస యొకటి కలదు. 1945 లోఁ దారాబాయి మోడక్‌గారు బోర్డీలోఁ బిల్లలను బడికి రప్పించుటకు మాఱుగా బడినే వారి ముంగిటికిఁ దీసికొనిపోయిరి. అనూతాయి వాఘ్‌గారు వారికిఁ దోడు. ‘అంగణవాడి’ యను మాట యట్లు పుట్టినది. పిమ్మట నా యుద్యమము కోస్బాడు కొండకుఁ బోయి వార్లీ పిల్లల నడుమ నిలిచినది. సంస్కృతమున ‘అంగణము’ వాకిలి. నేఁటి అంగన్వాడికి గోడలు కలవు గాని వాకిటి పాట లోపలికి రాలేదు.

పరదేశములలో నీ విషయమును హంగరీయుఁడగు జోల్తాన్ కొడాయి చూచినంత లోఁతుగాఁ జూచినవా రరుదు. ఆయన 1941 లో శిశుశాలలలోని సంగీతమును గూర్చి యొక వ్యాసము వ్రాసెను. మొదటి పాటలు మాతృభాషాగేయములే కావలె ననియు, అర్ధస్వరపు సందులు లేని యైదుస్వరముల పాటలతో నారంభింపవలె ననియు నాయన మతము. రాజధానిలో నాటకశాల నేలువాఁ డెవఁడను దానికంటె, పల్లెబడిలోఁ బాట చెప్పువాఁ డెవఁడను ప్రశ్నయే ముఖ్యమని యాయన వాదించెను. చేతకాని గాయకాధికారి పోవును గాని, చేతకాని బోధకుఁడు ముప్పదియేండ్ల పాటు పిల్లలలో సంగీతప్రీతిని జంపునని యాయన యుపపత్తి. 1950 లోఁ గెచ్‌కెమేట్‌లోఁ బాటబడి వెలసినది. 1975 లో నా యూరనే యాయన పేర బోధకులకు విద్యాలయ మేర్పడినది. ఆయన శిష్యులు స్వరములను జేతిగుర్తులతోఁ జూపుదురు. నారదీయశిక్ష సామగులకు శరీరమునే వీణగాఁ జేసి, వ్రేళ్ళమీఁద స్వరస్థానములను నిర్దేశించినది. గాత్రవీణ యని దానికిఁ బేరు. మనవారే ముందని చాటుకొనుటకు దీనిని జెప్పలేదు. పసివానికి స్వరము కంటికిఁ గనఁబడవలె నను నెఱుక రెండు చోట్లను బుట్టినది.

1975 అక్టోబరు 2 వ తేదిని సమగ్రశిశువికాసపథకము 33 బ్లాకులలో నారంభమైనది. అదే మన అంగన్వాడులకు మూలము. తిండి, టీకా, తూనిక అను పనుల నడుమఁ బాట చివరిది. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కోయ, సవర, గోండి మొదలగు నెనిమిది భాషలలోఁ బ్రాథమికపాఠశాలలకు వాచకములు సిద్ధపఱచెను. అది మెచ్చుకొనవలసిన పని. ఐనను ఒకటవ తరగతితో నారంభమగుటచే మూఁడేండ్ల పిల్ల వెలుపలనే నిలిచినది. 2020 నాఁటి జాతీయవిద్యావిధానము మూఁడు మొదలు ఎనిమిదేండ్ల వఱకుఁ గల కాలమును బునాదిదశ యనినది; పండ్రెండవ తరగతి చదివిన అంగన్వాడి కార్యకర్తలకు ఆఱునెలల శిక్షణపత్రమును, అంతకు లోపలివారికి నేఁటిపాటి శిక్షణమును విధించినది. అది ముఖ్యముగా ఫోనుల మూలమునను, దూరదర్శనప్రసారముల మూలమునను జరుగవలెనఁట. నెల కొకసారియైన ముఖాముఖి తరగతి యుండవలెనఁట.

దూరమునుండి తూనిక నేర్పవచ్చును, లెక్క నేర్పవచ్చును. పాటను నేర్పవచ్చునా? వ్రాసినది చూచి చదువువాఁడు అధమపాఠకుఁడని శిక్ష యనుటకుఁ గారణము గురుముఖమునుండి వినని స్వరము నిలువదని. ఫోనును జూచి పాడు పంతులమ్మ యీ కాలపు లిఖితపాఠకి. ఆమెను నిందింపను, ఆమెకు గురుముఖము నెవ్వరు నీయలేదు. ఆ ముఖాముఖి దినము నైనను పట్టణపు టుపన్యాసమునకుఁ గాక గూడెములోని రేలవరుసకు వినియోగించినచో మేలు. ఆమె తన శ్రుతిని విడిచి పిల్ల శ్రుతికిఁ బాడుట నేర్వవలెను. పెద్దగొంతుతో నఱచినచోఁ బిల్లలును అఱతురు, అఱపునకు స్వరముండదు. ఒక పాటను దినమున కొకటిగా మార్చక నెలదినములు నిలుపవలెను. పాడి, యాఁగి, వినవలెను. ఆఁగుటయే యన్నింటికంటెఁ గష్టము. పరీక్ష పెట్టినచో రాగలక్షణము లడుగక, గూడెపు ముసలమ్మలనుండి యెన్నిపాటలు నేర్చితివని యడుగవలెను. ఆ ముసలమ్మకును, డోలివానికిని బోధనకై వేతన మీయవలెను. సన్మానమునకు శాలువ చాలును గాని కడుపునకుఁ జాలదు.

మరుసటి యేఁడు మఱల నదే గూడెమునకుఁ బోయితిని. పంతులమ్మ ఆయా ప్రక్కఁ గూర్చుండి రెండు రేలపాటలు నేర్చినది. యాస తప్పినచోటఁ బిల్లలే పకపక నవ్వి దిద్దుచుండిరి. నేను వచ్చిన పని వేఱైనను, నా సందేహము నాపుకొనలేక మూలపిల్లవానిని బిలిచి పాలపిట్ట యెట్లు కూయునని యడిగితిని. నా మాట వానికి సగమే తెలిసినది. ఆయా తిరిగి చెప్పినది. వాఁడు గొంతు బిగించి ‘చక్’ అని పొట్టిగా నొక్కకూఁత కూసెను. సరిగా నొక్కమాత్ర. తరువాత నన్నుఁ గూయుమనెను. నేను కూసితిని. వాఁడు తల యడ్డముగాఁ ద్రిప్పి, నాది కాకికూఁత యని చెప్పినట్లు ఆయా నవ్వుచుఁ దెలిపెను. నేను ద్విమాత్రము చేసితిని కాఁబోలు. మూఁడవ తూరికి వాఁడు సరే యనెను.